అలకకు అతుకు

నమోదు 1

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన ప్రతి విభాగమూ దాని పనితీరు గురించి రోజూ నాలుగు మాటలు నమోదు చేయాలని పాలకమండలి ఉత్తర్వు. ఏ మాటలు రాయాలో మాత్రం చెప్పలేదు. అది వాళ్ళ పొరపాటు, నా అదృష్టం.

నేను వరహాలమ్మను. చుక్కల మధ్య పోయే గోస్తని ఓడలో అతుకుల కొట్టు నడుపుతాను. కాగితాల మీద దాని పేరు సంధి విభాగం. వ్యాకరణం చదువుకుని, బళ్ళో పిల్లలకు చెప్పినదాన్ని కనుక ఆ పేరు నేనే పెట్టాను. ఒక్కరూ వాడరు. చెప్పులు కుట్టించుకోవడానికి వచ్చినట్టు గుమ్మంలో నిలబడి, "మామ్మా, మావోడి అతుకు అయిపోయిందా?" అని అరుస్తారు.

ఈ ఓడలో ప్రతివాళ్ళూ వంతులవారీగా మూడేసి ఏళ్ళు నిద్రపెట్టెల్లో పడుకుంటారు. పోయినేడు గౌరినాయుడిని అతుకు వేయకుండా నిద్రపెట్టెలోంచి లేపేశారు. అతని లెక్కలో కళ్ళు మూసి తెరిచాడు, అంతే. మధ్యలో మూడేళ్ళు గడిచాయనీ, ఆ మూడేళ్ళలో భోజనశాల తలుపు అవతలి గోడకు మారిందనీ అతని కాళ్ళకు తెలియదు. పాత తలుపు ఉన్నచోటికి నేరుగా నడిచి ముక్కు పగలగొట్టుకున్నాడు. తర్వాత గోడను తిట్టాడు. దీన్ని కోతదెబ్బ అంటాం.

అది తగలకుండా చూడటమే నా పని. పెట్టెలోకి వెళ్ళే రోజున ప్రతివాళ్ళకీ కంటి పక్కన ఒక చిన్న కెమెరా తగిలిస్తారు. అందులో పడ్డ ఆ ఆఖరి రోజు దృశ్యాల నుంచి లేచే రోజు ఉదయం దాకా, ఓడ కెమెరాల్లో దొరికిన ముక్కలు ఏరి, ఒకదానికొకటి అతికి చిన్న సినిమా చేస్తాను. నిద్ర చివరి గంటలో దాన్ని తలలోకి వదులుతారు. లేచినవాడికి ఆ మూడేళ్ళూ తానే గడిపినట్టు ఉంటుంది; పెట్టెలోకి వెళ్ళిన రోజు కూడా అతుకులో ఎలా ఉంటే అలాగే గుర్తుంటుంది.

అతుకు కనపడకూడదు, అదీ విద్య. ఉయ్యాలను చూడండి. చివర్లలో నెమ్మదిస్తుంది, మధ్యలో వేగం అందుకుంటుంది. ఒక దృశ్యం కరిగి ఇంకొకటి రావడం కూడా అలాగే ఉండాలి. ఎక్కడ నెమ్మదించాలో, ఎక్కడ పరుగెత్తాలో చెప్పే గుర్తులు, అంటే కీఫ్రేములు, ఇన్నాళ్ళూ నేనే పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ పని 'నునుపు' అనే సాఫ్ట్‌వేర్ చేస్తుందట.

ఇది రావడానికి కారణం పాలకమండలి అధ్యక్షుల వారి చెప్పులు. లేచినవాళ్ళకు దండ వేయడానికి ఆయన స్వయంగా వెళ్ళారు. అతుకు ఎక్కడో గతుకు పడింది కాబోలు, లేచినాయన ఆ చెప్పుల మీదే కక్కాడు. ఇకపై అతుకులన్నీ నూటికి నూరుపాళ్ళూ నునుపుగా ఉండాలని ఆ సాయంత్రమే తీర్మానం అయింది. ఎప్పటినుంచో పాడై ఉన్న మూడో అంతస్తు లిఫ్టు మీద ఎవరైనా కక్కితే బాగుండును.

నమోదు 2

నునుపు మర్యాదస్తురాలు. తెరవగానే నమస్కారం పెడుతుంది. ఎక్కడ మార్పు చేసినా 'అంతరాయం తొలగించబడినది' అని చెబుతుంది. కర్మణి ప్రయోగం వాడేవాళ్ళను నేను నమ్మను. పని జరిగిందంటారు, చేసిందెవరో చెప్పరు.

ఒక తండ్రి పడుకునేటప్పటికి కూతురు పాకుతోంది. ఇప్పుడు బడికి పోతోంది. ఆ రెండు ముఖాల మధ్య నడిమి ఫ్రేములను నునుపు తనంతట తానే పుట్టించింది. పులిసిన పిండి పొంగినట్టు ముఖం మెల్లగా పెరిగింది. చక్కగా ఉంది, ఒప్పుకుంటాను. నేను చేస్తే వారం పట్టేది. కాకపోతే ఆ మూడేళ్ళూ పిల్ల నవ్వుతూనే ఉంది. వాళ్ళది నా పక్క గది. ఆ పిల్ల ఏ రోజు నవ్విందో, ఏ రోజు ఓడంతా లేచిపోయేలా ఏడ్చిందో నన్ను అడగాలి.

నా మనవలు నలుగురూ వేర్వేరు నిద్ర వంతుల్లో ఉన్నారు. ఒకడు లేచేసరికి ఇంకొకడు పడుకుంటాడు. నలుగురినీ ఒకే పంక్తిలో చూడాలంటే టైమ్‌లైన్ మీద వేసుకుని చూడాల్సిందే. అయినా వాళ్ళు ఏడ్చిన ముక్కలు నేను తీయలేదు.

నమోదు 3

ఈ రోజు ముత్యాలు వచ్చింది. నీటి గొట్టాల మరమ్మతు చేస్తుంది. మాట తక్కువ, రెంచి ఎక్కువ. భర్త సింహాద్రి వచ్చే వారం లేస్తున్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మామ్మా, ఆయన అతుకు నీ దగ్గరికి వచ్చిందా?"

"వచ్చింది. ఏం, నీ ముఖం సన్నగా కనిపించేలా చేయాలా? ఆ కోరిక చాలామందికి ఉంటుంది."

"అదేటొద్దు. ఆఖర్న నేను గోడవేపు తిరిగి పడుకున్నాను. ఆ ముక్క తీసీయకు. అది చూసి లెగాల ఆయన."

విషయం ఓడంతటికీ తెలిసిందే. మొగుడూ పెళ్ళాలిద్దరికీ జంట వంతు ఉండేది. కలిసి పడుకుని కలిసి లేవాలి. తప్పెటగుళ్ళ ఆట పోటీ రోజుల్లో మెలకువగా ఉండాలని స్నేహితుడు గవరయ్య బతిమాలితే, అతని బదులు తాను పడుకుంటానని సింహాద్రి మాట ఇచ్చేశాడు. ఎవరేం అడిగినా లేదనలేని మనిషి. ఆ మాట ఇచ్చేముందు పెళ్ళాన్ని అడగాలన్నది కూడా తోచలేదు. దాంతో అతను మూడేళ్ళు నిద్రలో, ఈమె మూడేళ్ళు మెలకువలో. గవరయ్య దళం పోటీలో ఓడిపోయిందనేది వేరే సంగతి.

"ఇన్నాళ్ళూ అలిగే ఉన్నావా?"

"బతిమాలీవోళ్ళు లేకపోతే అలక ఎలా తీరుద్ది మామ్మా? అలగే ఉంది." రెంచి చేయి మార్చుకుంటూ అంది. "ఆయన లెగిసిన పదిహేను రోజులకి నా నిద్ర వంతొస్తాది. ఈలోగా తనంతట తానే తెలుసుకుని బతిమాలితే మళ్ళీ జంట వంతు అడుగుతాను. లేదంటే వేరు వంతు."

వేరు వంతంటే ఒకరు లేచి ఉన్నప్పుడు ఇంకొకరు నిద్రలో ఉండటం, జీవితమంతా. ఈ ఓడలో విడాకులకు అంతకంటే మర్యాదైన పేరు లేదు.

"నేనే చెప్తాను వాడికి, నాలుగు తగిలించి," అన్నాను.

"వద్దు. నువ్వు చెప్తే అది నీ మాటే అవుద్ది. చెప్పించుకుని బతిమాలితే అదేటి బతిమాలడం?"

ఆ మాట నిజమే. నేనూ కాపురం చేసినదాన్నే.

నమోదు 4

సింహాద్రి అతుకు పూర్తయింది. అతని కెమెరాలో మొదట వంతుల కార్యాలయం కనిపిస్తుంది. గుమాస్తా అడుగుతాడు, "మరి మీ ఆవిడకి చెప్పీసేవా?" సింహాద్రి గొంతు వినిపిస్తుంది, "ఆవిడేటీ అనుకోదు లెండి." తర్వాత వాళ్ళ గది. మంచం మీద ముత్యాలు వీపు, నీలంగళ్ళ దుప్పటి, జడ. "ముత్యం, ఓ ముత్యం" అని రెండుసార్లు పిలుస్తాడు. వీపు కదలదు. పెట్టెకు సమయమైందని గంట మోగుతుంది. కట్.

అక్కడి నుంచి మూడేళ్ళూ నా చేత్తోనే అతికాను. ముత్యాలు అడిగినట్టే వీపు అలాగే ఉంచి, దాని మీద నుంచి మెల్లగా నడవాలోకి కరిగేలా డిజాల్వ్ వేశాను. చూసుకున్నాను, సరిపోయింది. అతుకులను తలలోకి వదిలే డాక్టర్ కామేశం గారికి పంపాను. నునుపు ఆమోదించిన గుర్తు లేకపోతే ఆయన తీసుకోరు. గుర్తు పడింది.

నమోదు 5

కొంప మునిగింది.

సింహాద్రి లేచాడు. కోతదెబ్బ తగలలేదు, ముక్కు పగలలేదు, చెప్పుల మీద కక్కలేదు. దండ వేయించుకుని ఈల వేసుకుంటూ నేరుగా గొట్టాల గదికి వెళ్ళాడు. ముత్యాలు నిచ్చెన మీద ఉంది. నేను కింద ఉన్నాను. అతనేం మాట్లాడతాడో విందామనే వెళ్ళానని ఒప్పుకుంటాను.

"ఏటే ముత్యం, చిక్కిపోయేవేటి? చేపల పులుసు ఏమైనా ఉందా ఇంట్లో?"

ముత్యాలు కిందికి చూసింది. రెంచి పడేయకుండా దిగింది, అది చాలా గొప్ప.

"ఏటి గుర్తుంది నీకు?" అంది.

"ఏటేటి గుర్తుంది? నన్ను నవ్వుతూ పంపించీసేవు గదా. 'పోనీలే, వెళ్ళిరా' అన్నట్టు చూసేవు. నా జన్మలో మర్చిపోను ఆ నవ్వు."

"నేనా? నవ్వేనా?"

"నీ తోడు."

ముత్యాలు నా వైపు తిరిగింది. ఆ చూపు ఇక్కడ రాయను. పాలకమండలి దస్తావేజుల్లో అలాంటివి ఉండకూడదు.

పరుగున కొట్టుకు వచ్చి అతుకు తెరిచి చూశాను. నేను ముద్ర వేసి పంపిన తర్వాత నునుపు తన చేయి పెట్టింది. కదలని వీపు దానికి గతుకులా కనిపించిందట. ఆ వీపును మెల్లగా ఇటు తిప్పింది. ఉయ్యాల ఊపులాగే, మొదట నెమ్మదిగా, మధ్యలో వేగంగా, చివర మళ్ళీ నెమ్మదిగా. ముఖం పుట్టించింది, దాని మీద నవ్వు పుట్టించింది. వంతుల కార్యాలయం ముక్క కూడా లేదు. కింద ఒక వాక్యం: 'అంతరాయములు తొలగించబడినవి.'

ఉన్నది పోతే లోపం, లేనిది వస్తే ఆగమం, ఒకటి పోయి దాని చోట ఇంకొకటి కూర్చుంటే ఆదేశం. వ్యాకరణంలో ఇవి మూడు వేర్వేరు కార్యాలు. నునుపు మూడూ ఒక్క దెబ్బకు చేసింది. చేసినంతలో అందంగానూ చేసింది. అందుకే నాకు మరింత మండింది.

నమోదు 6

పెళ్ళాం అలిగిందని సింహాద్రికి తెలిసింది. గదిలో గోడవైపు తిరిగి పడుకుంటే ఏ మగాడికైనా తెలుస్తుంది. ఎందుకో తెలియదు. తెలియకుండానే బతిమాలుతున్నాడు. ఓడలో నాలుగు రోజులుగా ఇదే వినోదం.

మొదటి రోజు తన గురక గురించి క్షమించమన్నాడు. రెండో రోజు చేపల పులుసు తానే వండాడు. ఉప్పు మరిచిపోయాడు. ఉప్పు లేనందుకు క్షమించమన్నాడు. మూడో రోజు పెళ్ళినాటి మాటేదో తవ్వి తీసి, ముత్యాలు మేనత్తను తాను ఏమీ అనలేదని ప్రమాణం చేశాడు. ఆ మేనత్త సంగతి ముత్యాలుకు గుర్తే లేదు. ఇప్పుడు దానికీ అలగాలా అని ఆలోచిస్తోంది.

ఈ రోజు నా కొట్టుకు వచ్చాడు.

"మామ్మా, నువ్వైనా చెప్పు. ఏటి చేసేను నేను?"

నాలుక చివర దాకా వచ్చింది. మింగాను. నోరు మూసుకుని ఉండటం నాకు అలవాటు లేని విద్య.

"నువ్వే ఆలోచించుకో."

"ఆలోచించీసేను. అంతా బాగున్నాదని గుర్తు. అలిగిందంటే ఆ నవ్వు మాత్రం అబద్ధమేటి? నవ్వుతూ పంపించీసి, ఇప్పుడిలా చేస్తే నేనేటి అనుకోవాల? నాకూ కోపం రాదా?"

ఇది నేను ఊహించలేదు. తప్పు చేసినవాడు మరిచిపోవడం ఒక ఎత్తు. ఇతను తనకే అన్యాయం జరిగిందని అనుకోవడం మొదలుపెట్టాడు, అది ఇంకో ఎత్తు. ఇంకో నాలుగు రోజులు పోతే వేరు వంతు ఇతనే అడిగేటట్టున్నాడు.

నమోదు 7

డాక్టర్ కామేశం గారి దగ్గరకు వెళ్ళాను. పోయిన ముక్కను పోయినచోటే పెట్టాలి. మేలుకుని ఉన్నవాడికి చూపిస్తే సినిమా చూసినట్టు చూస్తాడు, నమ్మడు. గంటసేపు పడుకోబెట్టి, అబద్ధపు నవ్వు కూర్చున్నచోట నిజాన్ని కూర్చోబెట్టాలి. మరమ్మతు అతుకన్నమాట.

"చేయొచ్చు వరహాలమ్మగారూ. నునుపు గుర్తు ఉండాలి."

"ఆ నునుపే కదండీ అబద్ధం చెప్పింది!"

"అబద్ధం అంటే... మనిషి సుఖంగా లేచాడు కదా. ఇదివరకు ముక్కులు పగిలేవి."

"ఇప్పుడు కాపురం పగులుతోంది."

"కాపురానికి నా దగ్గర మందు లేదండీ. ముక్కుకైతే ఉంది."

ఆయన తప్పు కాదు. గుర్తు లేనిదే తలలోకి ఏదీ వదలకూడదు. గౌరినాయుడు గోడను తిట్టడం నేనూ చూశాను.

మధ్యాహ్నమంతా నునుపుతో కుస్తీ పట్టాను. వీపు మీద నుంచి నడవాలోకి డిజాల్వ్ వేస్తే వీపును తిప్పుతుంది. చీకట్లోకి ఫేడ్ చేస్తే చీకట్లో నవ్వించి వెలుతురులోకి తెస్తుంది. దుప్పటి గళ్ళలో నుంచి కిటికీ గళ్ళలోకి తీసుకెళ్ళాను. అది నా జీవితంలో వేసిన అతుకుల్లో అందమైనది. దాని మధ్యలో కూడా ఆమె ముఖం తెచ్చి పెట్టి పళ్ళు చూపించింది. 'విశ్రాంతి నుండి ఉల్లాసమునకు మార్పు సుగమము చేయబడినది.' విశ్రాంతి అట! గోడవైపు తిరిగి పడుకున్న తెలుగు ఆడదాన్ని చూసి విశ్రాంతి తీసుకుంటోందని అనుకునే తెలివి దానిది.

టీ తాగుతూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. నునుపు కొలిచేది పక్కపక్క ఫ్రేముల మధ్య తేడానే. తేడా ఉన్నచోటే చేయి పెడుతుంది. తేడా లేకపోతే?

రెండు మాటలు పక్కపక్కనే ఉండి కూడా ఏ సంధీ జరగక, ఉన్నవి ఉన్నట్టే ఉండిపోతే దాన్ని ప్రకృతిభావం అంటారు. ఎన్ని తరగతుల్లో ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో. నాకే ఆఖర్న గుర్తొచ్చింది.

నమోదు 8

ముత్యాలు గదికి కెమెరా పట్టుకుని వెళ్ళాను. ఆమె నాతో మాట్లాడటం లేదు కనుక నేనే మాట్లాడాను.

"మంచం మీద పడుకో. గోడవైపు తిరిగి. ఆ రోజు ఎలా పడుకున్నావో అలాగే."

"ఎందుకు?"

"ఆ రోజు నీ వీపు నా దగ్గర ఉంది. ఈ రోజు వీపు కావాలి. రెండూ పక్కపక్కన పెడతాను, మధ్యలో ఏమీ పెట్టను. నేనేం చెప్పను, నువ్వూ చెప్పొద్దు. అతనికి కళ్ళున్నాయిగా."

బట్టల పెట్టెలోంచి నీలంగళ్ళ దుప్పటి తీసింది. అంచు చిరిగి మాసిక పడి ఉంది, దాన్ని లోపలికి మడిచింది. పడుకుంది. నేను గుమ్మంలో, సింహాద్రి నిలబడినచోటే నిలబడ్డాను.

"ఎడమ భుజం కొంచెం కిందికి. జడ ముందుకు వేశావు, వెనక్కి. ఇప్పుడు కదలకు."

"కదలకుండా ఉండడం నాకు నేర్పుతావేటి మామ్మా?" అంది గోడతో.

పాత ఫ్రేము, కొత్త ఫ్రేము ఒకదాని మీద ఒకటి వేసి చూశాను. అదే మంచం, అదే దుప్పటి, అదే వీపు. వంతుల కార్యాలయం ముక్కను కూడా వెనక్కి తెచ్చి ముందు పెట్టాను. గుమాస్తా గొంతు తగ్గుతున్నకొద్దీ గది తలుపు మెల్లగా తెరుచుకునేలా, నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగేలా ఒక్కొక్క కీఫ్రేమూ నా చేత్తోనే పెట్టాను. తర్వాత వీపు. తర్వాత కట్. మళ్ళీ వీపు.

నునుపు చాలాసేపు ఆలోచించింది. 'తేడా లేదు. అతుకు అవసరం లేదు' అంది. అది వచ్చాక చెప్పిన మొదటి తెలివైన మాట. కర్మణి ప్రయోగం కూడా లేదు.

నమోదు 9

సింహాద్రిని డాక్టర్‌గారి గదిలో గంటసేపు పడుకోబెట్టారు. లేచాక మంచం మీదే కూర్చుండిపోయాడు. నేను తలుపు దగ్గర ఉన్నాను. అతను నన్ను చూడలేదు.

"జడ," అన్నాడు.

డాక్టర్‌గారు దగ్గరకు వచ్చారు. "ఏమిటి? కళ్ళు తిరుగుతున్నాయా?"

"జడలో తెల్లవెంట్రుకలు ఉన్నాయి డాక్టరుగారూ. మొదట్లో లేవు. తర్వాత ఉన్నాయి. మధ్యలో ఏటీ లేదు. నేనే లేను."

నునుపుకు ఆ వెంట్రుకలు లెక్కలోకి రాలేదు. అంత సన్నని తేడా దాని కొలతకు అందదు. నాకూ అందలేదు, నిజం చెప్పాలంటే. ఈ అతుకులో నేను పెట్టనిది అదొక్కటే.

సింహాద్రి మళ్ళీ, "ఆవిడేటీ అనుకోదు లెండి అన్నాను," అన్నాడు తనలో తాను. "ఎవర్ని అడిగి అన్నాను?"

లేచి వెళ్ళాడు. గదికి పోతాడనుకున్నాను. పోలేదు. గవరయ్య దగ్గరకు పోయాడు. గవరయ్య నడవాలో తప్పెట బిగించుకుంటున్నాడు. నేను మందుల గదికి పోవాల్సిన దారి అదే కనుక విన్నాను.

"ఒరే గవరయ్యా, మా ఆవిడ నిద్ర వంతు నువ్వు తీసుకోవాల. మేమిద్దరం కలిసి మెలకువలో ఉండాల."

"ఇదేట్రా, వచ్చే పండక్కి మళ్ళీ పోటీ ఉంది. ఇంకెవర్నైనా అడగరాదేటి? ముత్యాలప్ప మంచిది, ఏమీ అనుకోదు."

"అనుకుంటాది," అన్నాడు సింహాద్రి. మాట అవసరానికి మించి గట్టిగా వచ్చింది. ఎవరికీ ఎదురు చెప్పనివాడు కదా, అలవాటు లేదు. "చాలా అనుకుంటాది. నేనూ అనుకుంటాను. అప్పుడు నువ్వడిగేవు, నేను పోయేను. ఇప్పుడు నేనడుగుతున్నాను."

గవరయ్య తప్పెట కింద పెట్టాడు. ఆ దళం ఎలాగూ గెలవదు. ఓడకు జరిగిన నష్టమేమీ లేదు.

నమోదు 10

ఐదు రోజులుగా సింహాద్రి బతిమాలుతున్నాడు. ఈసారి గురక మాట లేదు, పులుసు మాట లేదు. మొదటి రోజు మంచం పక్కన నేల మీద కూర్చుని, వంతుల కార్యాలయంలో తాను అన్న మాట అన్నట్టుగా చెప్పాడట. అడగకుండా అన్నానన్నాడట. గవరయ్యతో మాట్లాడిన సంగతి మాత్రం చెప్పలేదు. అది ముత్యాలుకు గుమాస్తా ద్వారా తెలిసింది. ఈ ఓడలో గుమాస్తా కంటే వేగమైన సాధనం లేదు.

ముత్యాలు తిరగలేదు. రెండో రోజు 'ఊఁ' అంది. మూడో రోజు అది కూడా అనలేదు. నాలుగో రోజు అతను మళ్ళీ పులుసు వండితే ఉప్పు సరిపోయిందని గోడకు చెప్పిందట.

ఈ రోజు వంతుల కార్యాలయంలో గడువు ఆఖరు. కొట్టు మూసేసి నేనూ వెళ్ళాను. ఒక ముసలిదానికి ఆ మాత్రం నడక అవసరం. సింహాద్రి మూల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ముత్యాలు వచ్చింది. అతని వైపు చూడలేదు. గుమాస్తా దగ్గరకు పోయి వేలిముద్ర వేసింది.

"ఏ వంతుకమ్మా?" అన్నాడు గుమాస్తా, చూసి కూడా, అందరికీ వినిపించాలని.

"జంట వంతు."

సింహాద్రి లేచి నిలబడ్డాడు. ముత్యాలు నా పక్కగా బయటకు పోతుంటే చేయి పట్టుకుని ఆపాను. ఇన్ని రోజుల తర్వాత నా ముఖం చూసింది.

"అయితే అలక తీరిందన్నమాట," అన్నాను.

"ఎక్కడ తీరింది మామ్మా!" అంది. "మూడేళ్ళది కదా, ఇంకా చాలా ఉంది. ఆయన పక్కనే ఉంటే గాని తీరదు."